పరాకు - సావధానము

తెలుగులో పరాకు అను మాటకు రెండర్థములున్నవి. మనసు ఎక్కడనో ఉండి ఎదుటనున్న పనిని మరచుట పరాకు. రాజు కొలువునకు వచ్చునప్పుడు వేత్రహస్తులు ముందు నడచుచు వేయు కేకయు పరాకే. బహుపరాక్ అన్నచో మిక్కిలి జాగరూకులై ఉండుడని తాత్పర్యము. ఒకే పదము రోగమునకును, దాని మందునకును పేరైనది. మనసు చెదరిన వానిని వాని అవస్థ పేరు పెట్టియే పిలిచి మేల్కొలిపినట్లున్నది. దేవుని ఊరేగింపులలో ఇదే పని హెచ్చరికలకు అప్పగించినారు. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో అట్టి హెచ్చరిక కలదు.

సావధానము అను మాట నడక మరియొక విధమైనది. హిందీలో సావధాన్ అన్నచో జాగ్రత్త, ముందు అపాయమున్నది అని. కవాతులో సైనికులు నిటారుగా నిలుచుటకిచ్చు ఆజ్ఞయు అదే. తెలుగువాడు సావధానముగా చెప్పుమన్నచో తొందరపడక, కూర్చుండి, మొదటి నుండి చెప్పుమని కోరుచున్నాడు. ఒకే సంస్కృత శబ్దము ఉత్తరమున వెన్నును నిటారు చేసినది, ఇచ్చట ఊపిరిని నెమ్మది పరచినది. పెండ్లిపీటల దగ్గర సుముహూర్తమునకు సావధానులు కండని పురోహితుడు చెప్పు మాట వినగానే మహారాష్ట్రమున సమర్థ రామదాసు పందిరి విడిచి పోయినాడని ఐతిహ్యము. తక్కిన పెండ్లికొడుకులు ఆ మాటను వినియు వినరు.

ఈ పాత మాటలను తిరుగవేయుటకు కారణము లేకపోలేదు. ఇప్పుడు పత్రికలలోను, వైద్యశాలలలోను, పెద్ద సంస్థల శిక్షణ శిబిరములలోను మైండ్‌ఫుల్‌నెస్ అను మాట విరివిగా వినబడుచున్నది. దానిని తెలుగు చేయువారు ఎరుక అందురు, సంపూర్ణ స్మృతి అందురు, బుద్ధిపూర్వకత అందురు. తోచనప్పుడు ఇంగ్లీషు మాటనే ఉంచివేయుదురు. మూలము వెదకినచో అది పాళీ భాషలోని సతి, అనగా మన స్మృతి. 1881లో బౌద్ధ సుత్తములను ఇంగ్లీషు చేసినప్పుడు టి. డబ్ల్యు. రీస్ డేవిడ్స్ దానికి ఆ ఇంగ్లీషు మాటను ఎన్నుకొనినాడు. మాట నిలిచినది గాని ఒకటి జారిపోయినది. స్మృతి అన్నచో జ్ఞాపకము. నేటి ప్రచారకులు వర్తమాన క్షణమునందే ఉండుమని చెప్పుదురు. పాళీ మాటలో మాత్రము వర్తమానముతో పాటు మరవకుండుట అను అర్థము కూడ గట్టిగా ఉన్నది. దేనిని మరవకుండుట? చేపట్టిన పనిని, వచ్చిన దారిని.

ఈ భేదమును బౌద్ధవాఙ్మయమునందలి రెండు ఉపమానములు చక్కగా చూపును. ఒకటి పొలిమేర కోట ద్వారపాలకుని ఉపమానము. స్మృతి అట్టి కావలివాడు. ఎరిగిన వారిని లోనికి పోనిచ్చును, ఎరుగని వారిని ఆపును. వానికి ముఖములు జ్ఞాపకముండవలెను. ఆ క్షణమున కన్ను తెరచియుండిన మాత్రమున చాలదు. రెండవది సంయుత్త నికాయములోని తైలపాత్ర కథ. జనపదమంతటికి అందగత్తె అయిన యువతి ఆడుచు పాడుచున్నది. జనము విరగబడి చూచుచున్నది. ఆ గుంపునకును ఆమెకును నడుమగా ఒకడు అంచు వరకు నూనె నిండిన పాత్ర మోసికొని నడవవలెను. వెనుక కత్తి ఎత్తిన వాడొకడు నడచును; ఒక్క చుక్క ఒలికెనా, తల తెగును. చెదరగొట్టు వస్తువులు ఆధునిక యుగమున పుట్టినవని అనుకొనువారు ఈ కథ చదువవలెను. ఈ కథలో ఆట ఆగదు, జనము తొలగదు. నడచువాడు అడవికి పోవుట లేదు, సంత నడుమనే నడచుచున్నాడు.

ఆంధ్రదేశమునకు ఈ బోధతో సంబంధము పాతది. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజునకు వ్రాసినదని ప్రసిద్ధమైన సుహృల్లేఖ టిబెట్టు, చీనా అనువాదములలో మనకు మిగిలినది. రాజ్యభారము మోయు గృహస్థునకు వ్రాసిన ఆ లేఖలో దేహస్మృతిని గురించిన హితవున్నది. స్మృతి చెడినచో తక్కిన ధర్మములన్నియు చెడునని ఆచార్యుని భావము. తరువాతి కాలమున రామానుజాచార్యులు ధ్యానమును తెగని తైలధార వంటి స్మృతిసంతతి అని వర్ణించినారు. సిద్ధాంతములు వేరైనను రెండు చోట్లను నూనెయే ఉపమానమైనది. ఒక చోట ఒలకరాదు, ఒక చోట తెగరాదు.

ఇరువదవ శతాబ్దమున ఈ సాధన బర్మా నుండి మరల బయలుదేరినది. మహాశీ సయాడో, స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్ అయిన ఊ బా ఖిన్ మున్నగువారు భిక్షువులకే పరిమితమైయున్న దానిని గృహస్థులకు నేర్పినారు. ఊ బా ఖిన్ శిష్యుడు, మాండలేలో పుట్టిన సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశమునకు వచ్చి పది దినముల శిబిరములు ఆరంభించినాడు. 1976లో హైదరాబాదులోను, మహారాష్ట్రమున ఇగత్‌పురిలోను కేంద్రములు వెలసినవి. అమెరికాలో జాన్ కబాట్‌-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున, మందులకు లొంగని నొప్పులతో బాధపడువారి కొరకు పాఠక్రమమొకటి నెలకొల్పినాడు. నేడు మైండ్‌ఫుల్‌నెస్ అని అమ్ముడుపోవుచున్న దానిలో అధికభాగము ఈ వైద్యశాల కొమ్మ నుండి వచ్చినది.

దాని ఫలమెంత? 2014లో ఒక అమెరికన్ వైద్యపత్రిక 47 ప్రయోగములను, 3,515 మందిని కలిపి సమీక్షించినది. ఆందోళన, మనోవ్యాకులత, నొప్పి కొంత తగ్గుననుటకు మధ్యమ స్థాయి సాక్ష్యము దొరికినది. అవధానశక్తి పెరుగుననుటకు మాత్రము చాలినంత సాక్ష్యము కనబడలేదు. యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఎనిమిది వేల పైచిలుకు పాఠశాల విద్యార్థులపై జరిపిన పెద్ద పరిశీలన ఫలితములు 2022లో వెలువడినవి. ఆ పాఠములు విన్న పిల్లలు విననివారి కంటె మెరుగుపడలేదని తేలినది. సాధన వ్యర్థమని దీని అర్థము కాదు. కత్తి, పాత్ర, దారి మూడును తీసివేసి, కన్నులు మూసి పది నిమిషములు కూర్చుండుమన్నచో తైలపాత్ర కథలోని విద్య పట్టుబడదని మాత్రము అనుకొనవచ్చును.

ఇచ్చట తెలుగువారి స్వంత సొత్తు ఒకటి పరిశీలించదగియున్నది. మనసును నిలుపుటను సభలో, పదిమంది ఎదుట, పరీక్షకు పెట్టిన విద్య అవధానము. పేరులోనే సంగతి ఉన్నది. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు పొంతన లేని నాలుగు పదములిచ్చి వానితో పద్యము కోరుదురు, ఒకరు అక్షరమక్షరమునకు అడ్డుపడి తరువాత రావలసినదని తోచిన దానిని నిషేధింతురు. వర్ణన, ఆశువు, పురాణపఠనము, న్యస్తాక్షరి, వ్యస్తాక్షరి మొదలగు అంశములు సభను బట్టి మారుచుండును. ఒక్కొక్క పృచ్ఛకునకు ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్క పాదమే చెప్పి అవధాని తరువాతి వారి వైపు తిరుగును. నాలుగు ఆవృత్తులు గడచిన గాని పద్యములు పూర్తికావు. చివర ధారణ: అప్పటి వరకు ముక్కలుగా పుట్టిన పద్యములన్నిటిని మొదటి నుండి ఒప్పచెప్పవలెను.

ధారణ అను ఆ పదము యోగశాస్త్రము నుండి వచ్చినది. పతంజలి వరుసలో ధారణ, ధ్యానము, సమాధి ఒకదాని వెంట నొకటి వచ్చును. అచ్చట ధారణ ఆరంభము. అవధాన సభలో ధారణ ముగింపు. యోగి చిత్తమును ఒక చోట కట్టుటతో మొదలుపెట్టును. అవధాని ఎనిమిది చోట్ల తిరిగి వచ్చి, ఎచ్చటను ఏదియు జారలేదని చివర రుజువు చూపును.

ఎనిమిది పనులు ఏకకాలమున చేయుటయే అవధానమని చూచువారికి తోచును. అది భ్రమ. అవధాని ఒక సమయమున ఒక పనియే చేయును. ఆ పనిని పాదాంతమున, అనగా తనంతట తాను ఆగగల చోట, ఆపి ముందుకు పోవును. ఛందస్సు అతనికి కట్టుకొయ్య. వృత్తములలోను కందములోను మొదటి పాదము రెండవ అక్షరము ప్రాసను నిర్ణయించును గనుక, పావుగంట తరువాత రెండవ పాదమునకు తిరిగి వచ్చినప్పుడు ఆ అక్షరమే దారి చూపును. ఉత్పలమాల అయినచో పదవ అక్షరమున యతి కాచుకొనియుండును. పద్యకవికి సంకెల అని నవకవులు నిందించిన ఈ నియమములు అవధానికి నూతికి వ్రేలాడు చేద వంటివి. మనసు ఒకేసారి పట్టుకొనగల వస్తువులు సుమారు ఏడని 1956లో మనస్తత్వశాస్త్రజ్ఞుడు జార్జ్ మిల్లర్ వ్రాసిన వ్యాసము ప్రసిద్ధమైనది. ఆ వ్యాసములో సంఖ్య కంటె విలువైన మాట మరియొకటి ఉన్నది: చిన్న ముక్కలను కలిపి పెద్ద మూటలుగా కట్టుకొనినచో అదే సంచిలో ఎక్కువ సరకు పట్టును. ఇరువది అక్షరముల పాదము అట్టి మూట.

ఇక అప్రస్తుత ప్రసంగి. ప్రపంచ సాహిత్యమున ఇతర చోట్ల ఇట్టి ఉద్యోగమున్నదో లేదో గాని, కవి మనసు చెదరగొట్టుటకే ఒక మనిషిని ఆహ్వానించి, వేదిక మీద ఆసనమిచ్చి, శాలువ కప్పుట తెలుగువారి సాహసము. ఇతడు నిషిద్ధాక్షరి మధ్య భోజనములో సాంబారు ఎట్లున్నదని అడుగును; దత్తపది మధ్య అత్తవారింటి కబురు తెచ్చును. అవధాని వినలేదనరాదు. విసుగుకొనరాదు. సభ నవ్వునట్లు సమాధానము చెప్పవలెను, చెప్పి విడిచిన అక్షరము దగ్గరకు చేరుకొనవలెను. అవధానము చూచినవారు గమనించియుందురు: విసుగుకొనిన అవధాని ఎట్లు తప్పునో, తన చమత్కారమునకు తానే మురిసి రెండవ మాట, మూడవ మాట చెప్పబోయిన అవధానియు అట్లే తప్పును. పరాకునకు కోపము ఒక దారి, సంతోషము ఇంకొక దారి.

ఈ విద్యకు పరిమితులు లేకపోలేదు. గుజరాతీ జైన తత్త్వవేత్త శ్రీమద్ రాజచంద్ర 1887లో బొంబాయిలో పందొమ్మిదేండ్ల వయసున శతావధానము చేసి మెప్పు పొందినాడు. 1891లో ఇంగ్లండు నుండి తిరిగి వచ్చిన గాంధీ అతనిని కలసికొని, తనకు తెలిసిన పరభాషా పదములన్నియు వరుసగా చదివి వినిపించగా, అతడు అదే వరుసలో ఒప్పచెప్పినాడని ఆత్మకథలో వ్రాసికొనినాడు. అప్పటికే రాజచంద్ర సభలలో అవధానము మానివేసియున్నాడు. ఆత్మసాధనకు అది అడ్డని అతనికి తోచినది. గాంధీ కూడ ఆ జ్ఞాపకశక్తికి అబ్బురపడినను తనను ఆకర్షించినది అది కాదని, అతని శాస్త్రజ్ఞానము, శీలము, ఆత్మదర్శనమునందలి తపన తనను కట్టివేసినవని స్పష్టపరచినాడు. కనుక అవధానమును ధ్యానముతో సమానము చేయుట పొరపాటు. కవిత్వమునకును ఇదే వర్తించును. తిరుపతి వేంకట కవులు అవధానములతో ఆంధ్రదేశమును ఊపివేసినను, జనుల నాలుకల మీద నిలిచినవి పాండవోద్యోగ విజయముల పద్యములు. ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికి శిష్యుడైన విశ్వనాథ సత్యనారాయణ బృహన్నవల వేయిపడగలు 29 దినములలో ఆశువుగా చెప్పగా తమ్ముడు వ్రాసినాడని ప్రసిద్ధి. అది ఎనిమిది చోట్ల తిరుగు మనసు పని కాదు, తైలధార పని. రచయితకు రెండును కావలెను. మొదటిదానిలో ఆరితేరిన వానికి రెండవది తానుగా రాదు.

నేటి పరాకు ఈ రెండింటిలో దేనిని దెబ్బతీయుచున్నదో చూడవలసియున్నది. కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ అను పరిశోధకురాలు పని చేసికొనువారిని వెంబడించి కొలిచినప్పుడు, 2004లో ఒక తెరపై చూపు సగటున రెండున్నర నిమిషములు నిలిచినది. ఇటీవలి సంవత్సరములలో అది సుమారు 47 సెకండ్లకు దిగినది. నడుమ జరిగినదేమి? అంతులేకుండ క్రిందికి జారు పుటను 2006లో కల్పించినారు. పుటకు అడుగు లేనందున ఆపుటకు చోటు లేదు. 2009లో, తెరిచి చూడకున్నను ఫోనే పిలిచి చెప్పు సూచనలు వ్యాపించినవి. ఎప్పుడు గింజ పడునో తెలియనప్పుడు పావురము మీటను ఎక్కువగా పొడుచునని స్కిన్నర్, ఫెర్స్టర్ 1957లోనే గ్రంథస్థము చేసినారు. ఎప్పుడు ఎవరి మెచ్చుకోలు వచ్చునో తెలియని పెట్టె జేబులో ఉన్నప్పుడు చేయి దానివైపు పోవుటలో వింత లేదు. సమాచారము పెరిగిన కొలది అవధానమునకు కరవు వచ్చునని 1971లోనే హెర్బర్ట్ సైమన్ హెచ్చరించినాడు. మన మాటలో చెప్పవలెనన్న, ఎనమండుగురు పృచ్ఛకులును అప్రస్తుత ప్రసంగులే అయిన సభ ఇది.

భేదము అంతటితో ఆగదు. సభలోని అప్రస్తుత ప్రసంగి ఒక్కడు, ఎదుట కనబడువాడు, పద్యము బాగున్నప్పుడు తానును తల ఊపువాడు. సభ ముగిసిన వెనుక లేచి పోవును. మరియు సభలో ధారణ ఉన్నది. ప్రతి పృచ్ఛకుని దగ్గరకు తిరిగి రావలెను, ప్రతి పద్యము పూర్తికావలెను, పూర్తియైనది ఒప్పచెప్పవలెను. అసంపూర్ణముగా విడిచిన పనిని మనసు వదలదని 1927లో బెర్లినులో బ్లూమా జైగార్నిక్ ప్రతిపాదించినది. పని నడుమ లేచి వేరొక పనికి పోయినప్పుడు మనసులో కొంత భాగము మొదటి దాని దగ్గరనే చిక్కుపడియుండునని 2009లో సోఫీ లెరోయ్ చూపినది. అవధానికి ఆ చిక్కే ఆధారము. విడిచిన పాదము లోపల లాగుచుండుట వలననే తిరిగి రాగలుగును. ఫోను చూచువానికి తిరిగి వచ్చు చోటు లేదు. ఉదయము నుండి చూచిన దానిని రాత్రి ఒప్పచెప్పుమని ఎవరును అడుగరు. అడిగినచో మూడవ వంతు కూడ ఎవరికిని రాదు. స్మృతి అన్నచో జ్ఞాపకమని పాళీ మాట గట్టిగా పట్టుకొనినది ఇందుకే.

తెలుగు రచయితలలో నేడు పలువురు వ్రాయునది ఆ పెట్టె మీదనే. కాగితము, సిరాబుడ్డి, పోస్టుడబ్బా, రచ్చబండ అన్నియు ఒకే గాజుపలకలో చేరినవి. కథ మూడవ వాక్యమున ఉండగానే మొదటి వాక్యమునకు మెచ్చుకోలు కోరదగిన సౌకర్యమిది. దీని ఫలితమును రచన పొడవులో చూచుట తేలిక, కాని పొడవు ఒక్కటే కొలత కాదు. కందపద్యమును మించిన పొట్టిది ఏది? చూడవలసినది వాక్యమునకు వాక్యమునకు నడుమ జ్ఞాపకము. ముప్పదవ పుటలో పాత్ర చెప్పు మాటకు మూడవ పుటలోని మాట బదులు పలుకుచున్నదా? ఢిల్లీలోనో, భిలాయిలోనో, న్యూజెర్సీలోనో ఉండి తెలుగు వ్రాయువానికి ఇది మరింత కష్టము. చుట్టు వినబడు భాష వేరు గనుక, విడిచిన వాక్యమునకు తిరిగి వచ్చుటకు వీధిలోని మాటలు సాయపడవు. తనలోని ధారణయే దిక్కు.

పూర్వపు అవధానుల అలవాట్లలో నేటి రచయితకు నేరుగా పనికివచ్చునవి రెండు మూడున్నవి. పాదాంతమున ఆగుట మొదటిది: లేవక తప్పనప్పుడు వాక్యమధ్యమున లేవక, తరువాతి పాదమునకు ప్రాస దొరికిన చోట లేచుట. చెప్పినది రోజు ముగియునప్పుడు చూడక ఒకసారి నెమరువేయుట ఇంకొకటి. అప్రస్తుత ప్రసంగికి ఆసనమెచ్చటనో ముందుగానే నిర్ణయించుట మరియొకటి. ఒడిలో కూర్చుండబెట్టుకొనిన అవధాని ఎన్నడును లేడు.

ఘంటాగణనము సంగతి మిగిలినది. కొన్ని సభలలో ఒకరు దూరముగా కూర్చుండి తోచినప్పుడెల్ల గంట కొట్టుచుందురు. పద్యములు నడచుచుండగా, అప్రస్తుత ప్రసంగి నవ్వించుచుండగా, ఆ గంటలను అవధాని లెక్కించవలెను. వ్రాసికొనుటకు వీలు లేదు, గంట కొట్టువారి వైపు చూచుటకు వీలు లేదు. మూడు గంటల కాలము గడచి, ధారణ పూర్తియైన వెనుక, అధ్యక్షులు ఆ ప్రశ్న అడుగుదురు. అవధాని ఒక సంఖ్య చెప్పును. గంట దగ్గర కూర్చుండినవారు తమ చేతిలోని చీటీ విప్పి చూచుకొందురు.